‘అమ్మా, కాస్త పాట విననివ్వు!’

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. టీవీలో ‘పూజాఫలం’ వస్తోంది. 1964 నాటి సినిమా. జానకి గొంతులో ‘పగలే వెన్నెల’ మొదలైంది. మంచం మీద నానమ్మ, కింద చాప మీద పిల్లలు, గుమ్మం పక్కన కుర్చీలో వాళ్ల నాన్న... ఎవరూ కదలడం లేదు.

‘‘ఇది హిందోళం’’ అంది ఆమె. ఎవరూ పలకలేదు.

‘‘ఇందులో రిషభం ఉండదు. పంచమం ఉండదు. అయిదే స్వరాలు’’ అంది మళ్లీ.

నానమ్మ ‘ఊఁ’ అంది. అది చాలు ఆమెకి. ‘‘త్యాగరాజస్వామి సామజవరగమన లేదూ... అదీ ఇదే రాగం. శంకరాభరణంలో కూడా...’’

పదిహేనేళ్ల కొడుకు తల తిప్పి చూశాడు. ‘‘అమ్మా, కాస్త పాట విననివ్వు!’’

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. వాడన్నది నిజమే మరి! పాట అయిపోయింది. దాన్ని ఆమె విన్నదెక్కడ? ఏ స్వరం ఉంది, ఏ స్వరం లేదు అని లెక్కపెట్టింది, అంతే. చిన్నప్పుడు ఈ పాట రేడియోలో వస్తే, చేతిలో పని అలాగే వదిలేసి నిలబడిపోయేది. ఆ పిల్ల ఏమైపోయింది?

రాని వచ్చే ఏడాది

ఆమె ఉండేది విజయవాడలో. పని చేసేది ఓ హైస్కూల్లో. చెప్పేది లెక్కలు. పుట్టి పెరిగింది మాత్రం గుడివాడ. తండ్రి ఆర్టీసీ డిపోలో మెకానిక్కు. ఆయనకి ఘంటసాల అంటే ప్రాణం. ఆ మహాగాయకుడు పుట్టిన చౌటపల్లి గుడివాడ ప్రాంతంలోదే కాబట్టి ‘మనూరివాడే’ అని చెప్పుకొనేవాడు. పొద్దున్నే గెడ్డం గీసుకుంటూ పాట, రాత్రి గ్రీజు చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ పాట. ఏ రాగం పేరూ ఆయనకి తెలీదు.

పదేళ్ల వయసులో ఓ రోజు ఆమె అడిగింది, ‘నాన్నా, నేనూ సంగీతం నేర్చుకుంటా’ అని. ‘వచ్చే ఏడాది చూద్దాంలే అమ్మా’ అన్నాడాయన. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటద్దె, ముసలి తల్లికి మందులు... ఆ వచ్చే ఏడాది రానేలేదు. ఆమె మళ్లీ అడగలేదు. ఆయన మర్చిపోయాడేమోననే అనుకుంది.

ముప్ఫై ఏళ్లు గడిచాయి. తొమ్మిదేళ్ల కూతుర్ని వీధి చివర సంగీతం క్లాసులో చేర్పించింది. పాప పాఠం అయ్యేదాకా వరండాలో కూర్చునేది. రెండు వారాలు చూశారు టీచరుగారు. ‘‘ఊరికే కూర్చునే బదులు మీరూ లోపలికొచ్చి కూర్చోండమ్మా. చాప పెద్దదే’’ అన్నారు. అలా, నలభై ఒకటో ఏట, ఏడెనిమిదేళ్ల పిల్లల మధ్యలో ఆమె సంగీత విద్యాభ్యాసం మొదలైంది.

తోడు లేని గొంతు

మొదటిరోజే టీచరుగారు ఓ షరతు పెట్టారు. ‘‘ఆర్నెల్లపాటు క్లాసులో సినిమా పాట ఎత్తకూడదు.’’

ఆమె మొహం చిన్నబోయింది. అది చూసి ఆవిడే చెప్పారు. ‘‘సినిమా పాటంటే నాకూ ఇష్టమేనమ్మా. కానీ అందులో మన గొంతు కాస్త జారినా వాద్యాలు మోసుకుపోతాయి. ఇక్కడ శ్రుతిపెట్టె తప్ప తోడెవరూ ఉండరు. ముందు ఒంటరిగా నిలబడ్డం రావాలి.’’

నిలబడ్డం అంత తేలికేం కాదని ‘స’ దగ్గరే తెలిసిపోయింది. శ్రుతిపెట్టె ఒక చోట, ఆమె గొంతు మరో చోట. పక్కనున్న పిల్లలు అవలీలగా అందుకుంటున్నారు. కుడిచేత్తో ఆదితాళం... ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. లెక్కల టీచరుకి ఎనిమిది లెక్కపెట్టడం ఓ లెక్కా? కానీ గొంతు పాడుతుంటే చేయి ఆగిపోయేది. చేయి కదిలితే గొంతు ఆగిపోయేది.

ఆమెను నిలబెట్టింది కూడా లెక్కే. కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలన్నీ మాయామాళవగౌళ రాగంలోనే ఉంటాయి. ఈ పద్ధతి పెట్టింది పురందరదాసు అని చెబుతారు. ఆ రాగంలో ‘స రి గ మ’ మధ్య ఎంతెంత దూరాలున్నాయో ‘ప ద ని స’ మధ్యా సరిగ్గా అంతంత దూరాలే. కింది సగం పాడటం వస్తే పై సగానికి దారి దొరికినట్టే. అది గమనించిన రోజు, సూత్రం తనే కనిపెట్టినంత సంబరపడింది.

సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు... ఒక్కోటీ మూడు కాలాల్లో. పొద్దున్నే కుక్కర్ కూతల మధ్యే సాధన. ఆ తర్వాత గీతాలు. ముందు మలహరి. ఆపైన మోహన రాగంలో ‘వరవీణా’. ఆ గీతం పాడుతుండగానే ఒళ్లు జల్లుమంది. ఈ నడక ఎక్కడో విన్నాను... ఎక్కడ? ఇంటికెళ్తూ దారిలో పట్టుకుంది. ‘మాయాబజార్’! 1957 నాటి ఆ సినిమాలో, వెన్నెల్లో పడవ మీద ఘంటసాల, లీల గొంతులతో సాగే ‘లాహిరి లాహిరి’. అదీ మోహనే. స రి గ ప ద... అవే అయిదు స్వరాలు. నాన్న గెడ్డం గీసుకుంటూ పాడిన పాట, పిల్లల పాఠం అన్నదమ్ముల బిడ్డలన్నమాట!

రెండు వాకిళ్లు

అక్కణ్నుంచి ఆమెకి అదే లోకమైంది. ఓ నోటు పుస్తకం పెట్టింది. ఎడమ పేజీలో రాగం, కుడి పేజీలో ఆ రాగంలోని సినిమా పాటలు. రాస్తున్నకొద్దీ ఒక సంగతి అర్థమైంది. మన దగ్గర సంగీతానికి, సినిమాకీ మధ్య గోడ ఉందనుకుంటాం కానీ, ఉన్నది వాకిలి. రాకపోకలు రెండువైపులా సాగాయి.

ఘంటసాలే ఉన్నారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకోవడానికి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకొన్నారు. ఇంటింటా అడిగి తెచ్చుకున్న ఆ అన్నంతో నేర్చిన విద్యే తర్వాత సినిమా పాటై ఇంటింటికీ చేరింది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ సంగతి చూస్తే, కచేరీ వేదికల మీద శిఖరమంతటి మనిషి. ఆయనే ‘నర్తనశాల’(1963)లో పాడారు, ‘భక్త ప్రహ్లాద’(1967)లో నారదుడిగా నటించారు. ఇటు చూస్తే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఆయనే చెప్పుకొనేవారు. ‘శంకరాభరణం’(1980)లో విద్వాంసుడైన శంకరశాస్త్రి గొంతు ఆయనదే. కేవీ మహాదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని ఒక్కో సంగతీ సాధన చేసి పాడారు. జాతీయ ఉత్తమ గాయకుడి అవార్డు అందుకున్నారు.

తమిళంలో కె.బాలచందర్ తీసిన ‘సింధుభైరవి’(1985)లోనైతే ఆ వాకిలి కళ్లముందే తెరుచుకుంటుంది. విద్వాంసుడి ఎదుట ఓ సంగీతం టీచరు జానపద గీతం అందుకుంటుంది. అందరూ చూస్తుండగానే ఆ పల్లెపాట త్యాగరాజస్వామి ‘మరి మరి నిన్నే’ కృతిలోకి ఒదిగిపోతుంది. కచేరీల్లో ఆ కృతిని పాడేది కాంభోజి రాగంలో. ఇళయరాజా సారమతిలో కట్టారు. ఆ సినిమాకు ఆయనకూ, పాడిన చిత్రకూ జాతీయ అవార్డులొచ్చాయి.

ఇవన్నీ తెలిశాక ఎవరికైనా చెప్పాలనిపించడం సహజం. ఆమె చెప్పింది. బస్సులో చెప్పింది. స్టాఫ్‌రూమ్‌లో చెప్పింది. పెళ్లిలో నాదస్వరం వింటూ పక్కావిడకి చెప్పింది. ఆఖరికి ఆ ఆదివారం ఇంట్లోవాళ్లకీ చెప్పింది. కొడుకు మాట పడింది.

గుత్తివంకాయ పాఠం

తర్వాతి క్లాసులో ఆ ముచ్చటంతా టీచరుగారికి చెప్పుకొంది. ఆవిడ గట్టిగా నవ్వారు.

‘‘గుత్తివంకాయ కూర వండి అందరికీ వడ్డించారనుకోండి. వాళ్లు తింటుంటే ఉప్పెంత, కారమెంత, నూపొడి ఎన్ని చెంచాలు వేశారో చెబుతూ కూర్చుంటారా?’’

‘‘చెప్పనండీ.’’

‘‘పోనీ ఆ లెక్క తెలీకుండా వండగలరా?’’

‘‘వండలేను.’’

‘‘మరింకేం! తెలియాల్సింది వండేటప్పుడు. తినేటప్పుడు తినడమే.’’

ఇంకో మాట కూడా అన్నారావిడ. ‘శంకరాభరణం’లో ఓ దృశ్యం ఉంటుంది. సంగీతం మాస్టారొకాయన పిల్లలకి ‘బ్రోచేవారెవరురా’ పాఠం చెబుతుంటాడు. అది వినలేక శంకరశాస్త్రి మందలిస్తాడు. ఆయన కోపం ఏ స్వరం తప్పినందుకో కాదు. కాపాడమని వేడుకునే ఆ కృతిలో ఉండాల్సిన ఆర్తి పోయినందుకు. ‘‘రాగం పేరు ఇంటి నంబరు లాంటిదమ్మా. ఇల్లు దొరికాక కూడా గుమ్మంలో నిలబడి నంబరే చదువుతామా?’’

సినిమా పాటకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అంతలోనే కథ నడవాలి, మాట వినపడాలి, మనసు కరగాలి. అందుకోసం అవసరమైతే రాగంలో లేని స్వరాన్నీ పిలుచుకొస్తారు. కచేరీలో ఆ తొందర లేదు. ఒక్క రాగాన్నే ఆలాపన, కృతి, నెరవు, స్వరకల్పన అంటూ ముప్పావుగంట చూపించొచ్చు. ఒకటి గుమ్మందాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. మరొకటి గది గదీ తిప్పి చూపిస్తుంది. ఎక్కువ తక్కువల పేచీ ఎందుకు?

ఆమె తలూపింది. కానీ విన్నంత తేలిగ్గా ఒంటబట్టలేదు. నోరు కట్టుకున్నా బుర్ర లెక్కపెడుతూనే ఉంది.

అయిదు స్వరాలు చాలు

ఆ దసరా సెలవుల్లో గుడివాడ వెళ్లింది. తండ్రికి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. అంతకు ముందు ఏడాది పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. ‘ఆఁ’, ‘ఊఁ’ తప్ప ఇంకేం రాదు. కావాల్సింది చెప్పలేక, ఎదుటివాళ్లకి అర్థంకాక, కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. రోజుకి రెండు గంటలు పాత పాటలు పెడుతున్నారు. వింటాడో లేదో తెలీదు.

సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో తోచలేదు. ‘‘నాన్నా, నేను సంగీతం నేర్చుకుంటున్నా’’ అంది. ఆయన చూశాడు. ‘‘పాడనా?’’

ఫోనులో శ్రుతి పెట్టింది. వచ్చిన వాటిలో కాస్త ధైర్యంగా పాడగలిగింది ‘వరవీణా’ ఒక్కటే. మొదలుపెట్టింది. గొంతు వణికింది. ఒకచోట తాళం తప్పింది. ముప్ఫై ఏళ్ల కిందట చూపించాల్సిన ప్రోగ్రెస్ కార్డు ఇప్పుడు చూపిస్తున్నట్టు భయమేసింది. ఎలాగో పూర్తి చేసింది.

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది. అప్పుడు కనిపించింది, దుప్పటి మీద ఎడమచేయి కదలడం. నెమ్మదిగా దెబ్బ వేస్తోంది. తర్వాత పెదాలు కదిలాయి. లోపల్నుంచి సన్నటి కూనిరాగం. ముందు పోల్చుకోలేకపోయింది. రెండోసారికి స్పష్టంగా వినిపించింది. వెన్నెల, పడవ, తెడ్డు... లాహిరి లాహిరి!

ఆమె ఆ పాట పేరు ఎత్తలేదు. రెండూ ఒకే రాగమని చెప్పనూ లేదు. చెప్పినా ఆయనకి మోహన అంటే ఏమిటో తెలీదు. కానీ ఆయన చెవికి తెలుసు. అరవై ఏళ్లుగా తెలుసు. మెదడులో మాటకు ముఖ్యంగా ఎడమవైపు ఆధారమైతే, రాగానికి కుడివైపూ సాయపడుతుందనీ, అందుకే మాట పోయినవాళ్లలోనూ కొందరికి పాట మిగులుతుందనీ వైద్యులు చెబుతారు. ఈయనకు మిగిలిన పాట ఇన్నాళ్లూ పిలుపు కోసమే కాచుకున్నట్టుంది. పిల్లల గీతం ఒకటి వెళ్లి తలుపు తట్టింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడిపోయాడు. తల్లి వంటింట్లోంచి గరిటెతో అలాగే వచ్చేసింది. తండ్రి కళ్లు తెరిచి, కూతురికేసి చూసి, ఎడమచేత్తో సైగ చేశాడు. ‘మళ్లీ’ అని.

ఆమె మళ్లీ పాడింది. ఆయన మళ్లీ అందుకున్నాడు. గీతం ఎక్కడ ఆగిందో, సినిమా పాట ఎక్కడ మొదలైందో ఎవరూ గమనించలేదు. ‘వచ్చే ఏడాది చూద్దాంలే అమ్మా’ అన్న మాట ఆయనకి గుర్తుందో లేదో ఆమె అడగలేదు.

రాత్రి విజయవాడ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. ‘‘తాతయ్య పాడాడంటగా! ఏ పాటమ్మా? ఏ రాగం?’’ అన్నాడు ఆటపట్టిస్తూ.

‘‘రాగం సంగతి తర్వాత చెబుతా’’ అంది ఆమె. ‘‘ముందు పాట విను’’ అని ఫోను తండ్రి నోటి దగ్గర పెట్టింది.