సంచిలో వచ్చిన నాలుగు పుస్తకములు



కొన్ని వారముల క్రితము ఇబ్రహీంపట్నంలో ఆదివార ఆరాధన ముగించుకొని మందిరము తలుపులు వేయుచుండగా, మా సంఘములోని ఒక రైతు సహోదరుడు యూరియా సంచి భుజాన వేసుకొని వచ్చాడు. సంచి మా ముందు దించి, "అయ్యగారూ, వీటిని మీ చేతులతోనే కాలబెట్టుండ్రి" అన్నాడు. విప్పి చూస్తే నాలుగు పుస్తకములు. ఒకటి తెలుగువారి చరిత్ర. ఒకటి లోకములోని మతములను గూర్చినది. ఒకటి సినిమాలను గూర్చినది. నాలుగవది నీటిని, నేలను గూర్చి విజ్ఞానశాస్త్రము చెప్పే చిన్న పుస్తకము. పట్నంలో డిగ్రీ చదువుతున్న కొడుకు సెలవులకు తెచ్చుకొన్నవి.

"రాత్రి ప్రార్థనకు పిలిస్తే, ఈ పేజీ అయినంక వస్తనంటడు. మొన్న మీరే చెప్పిండ్రు గదా, ఎఫెసుల విశ్వాసులు పుస్తకాలన్ని తెచ్చి కాలబెట్టిండ్రని. అందుకే నేను గూడ తెచ్చిన."

ఆ మాట నిజమే. ఆ ప్రసంగము చేసినది మేమే. అయితే ఆ రోజు సగమే చెప్పి దిగిపోయామని, ఆ సంచి చూసినప్పుడు మాకు తెలిసింది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సుమారు పదిహేను సంవత్సరముల క్రితము సండే స్కూలులో ఒక పిల్లవాడు లేచి, "అయ్యగారూ, భూమి వయసు ఎంత? మా సైన్సు పుస్తకంలో ఒకటుంది, మీరు ఇంకొకటి చెప్పుచున్నారు" అని అడిగాడు. మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పుటకు నామోషీ పడి, అటువంటి ప్రశ్నలు సాతాను పుట్టించునవి అని అందరి ముందు గద్దించాము. అతడు కూర్చున్నాడు. తరువాత ఆదివారము వెనుక వరుసలో కూర్చున్నాడు. ఆ తరువాత రాలేదు. ఈ మధ్య బస్టాండులో కనబడి, "బాగున్నారా అయ్యగారూ" అని మర్యాదగా పలకరించి బస్సు ఎక్కిపోయాడు. అతడిని మందిరమునుండి దూరము చేసినది ఆ సైన్సు పుస్తకము కాదు ప్రియులారా, మా గద్దింపే.

కాబట్టి ఆ ప్రసంగములో మిగిలిన సగము ఈ మాసము వ్రాయుచున్నాము.

అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము మరల తెరచి చూడుడి. ఎఫెసువారు కాల్చినది మాంత్రిక విద్యల పుస్తకములు. వాటి వెల లెక్క చూడగా యాభై వేల వెండి రూకలాయెను. వాటిని కాల్చుమని పౌలు ఆజ్ఞాపించినట్లు అక్కడ లేదు. ఎవరి పుస్తకములు వారే, తమంతట తామే తెచ్చి కాల్చారు. తండ్రి కొడుకు పుస్తకమును కాల్చలేదు, సంఘము పొరుగువాని పుస్తకమును కాల్చలేదు. ఇతరుల గ్రంథమును కాల్చినవాడు బైబిలులో ఒకడున్నాడు. యిర్మీయా 36వ అధ్యాయములోని రాజైన యెహోయాకీము. చలికాలపు నగరులో కుంపటి ముందు కూర్చుండి, యిర్మీయా చెప్పగా బారూకు వ్రాసిన గ్రంథమును చాకుతో కోసి నిప్పులో వేయించాడు. దేవుడు ఆ మాటలను మరల వ్రాయించి, ఇంకను అనేకమైన మాటలు వాటికి చేర్చాడు. మనము ఎవరి పక్షమున నిలువవలెను?

దానియేలును, అతని స్నేహితులును బబులోనులో కల్దీయుల విద్య నేర్చుకొన్నారు. రాజు భోజనము వద్దన్నారు గాని రాజు పుస్తకములు వద్దనలేదు. మోషే ఐగుప్తీయుల సకల విద్యలను అభ్యసించాడని స్తెఫను సాక్ష్యము. ఏథెన్సులో పౌలు ఆ దేశపు కవుల మాట ఎత్తి సువార్త చెప్పాడు. మరణము దగ్గరపడి చెరలో ఉన్నప్పుడు తిమోతికి వ్రాస్తూ, చలికి అంగీ తెమ్మని అడిగిన నోటితోనే పుస్తకములు కూడ తెమ్మన్నాడు.

ఇప్పుడు సంచిలోని నాలుగు పుస్తకముల సంగతి చూతము.

మొదటిది చరిత్ర. మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీద నడిచినవారే మనమందరము. అది కుతుబ్ షాహీల కాలము నాటిది. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మీదనే మన ఊరికి ఈ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆయన తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకొన్నారు. ఇది తెలిసిన పిల్లవాడు, మతము పేరు చెప్పి పొరుగువాడిని ద్వేషించుమని ఎవరైనా రెచ్చగొట్టినప్పుడు ఒక క్షణము ఆగి ఆలోచిస్తాడు.

ఇట్టి సంగతులు తెలుగులో సామాన్యులకు అందుటకు ఎందరో శ్రమపడ్డారు. నిజాము పాలనలో ప్రభుత్వ భాష, చదువుల భాష ఉర్దూ. ఆ రోజులలో, 1901లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము అను గ్రంథాలయము వెలసింది. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు, వారి మిత్రులు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి, చరిత్ర, శాస్త్రము, జీవిత చరిత్రలు తెలుగులో అచ్చువేయించారు. వారి మొదటి పుస్తకము ఏదో తెలుసునా? అమెరికాలో బానిసల విడుదలకు పాటుపడిన అబ్రహాం లింకను చరిత్ర. వ్రాసినవారు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. దుంగల ఇంటిలో పుట్టి, పుస్తకములు ఎరువు తెచ్చుకొని చదువుకొన్నవాని కథ అది. లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వము కూడ ప్రారంభించి, మూడు సంపుటములు తెచ్చి, పని ముగియకముందే 1923లో మరణించారు.

రెండవది మతములను గూర్చిన పుస్తకము. అది చదివితే కొడుకు విశ్వాసము తప్పిపోవునని తండ్రి భయము. ఆ భయము మాకు అర్థమగును. కాని శ్రీరాంపూరు మిషనరీ విలియం కేరీ గారిని చూడుడి. 1814లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన ఆయనే, మార్ష్‌మన్ గారితో కలిసి వాల్మీకి రామాయణమును ఇంగ్లీషులోనికి తర్జుమా చేయుటకు పూనుకొన్నారు. ఒక పాదిరిగారి కుమారుడైన సి.పి. బ్రౌను గారు, ఎవరూ పట్టించుకొనని వేమన పద్యములను వెదకి సేకరించి 1829లో అచ్చువేయించారు. పొరుగువాడు దేనిని నమ్ముచున్నాడో తెలియకుండ అతనికి మనము సాక్ష్యమెట్లు చెప్పగలము? తెలియకుండ నిందించితే అది అబద్ధ సాక్ష్యమే గదా.

మూడవది సినిమాలను గూర్చినది. దీని మీద తండ్రికి ఎక్కువ కోపము. అయితే మన ఊళ్లలో 1978లో వచ్చిన "కరుణామయుడు" చూసి కన్నీరు కార్చనివారెవరు? ప్రజల ఆటపాటలు, వేషభాషలు చిన్న విషయములని త్రోసివేయుటకు లేదు. పాలమూరు జిల్లావాసి, గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" తెచ్చారు. అందులో రాజుల యుద్ధములకంటె ప్రజలు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, నమ్మిన నమ్మకములే ఎక్కువ. 1955లో తెలుగునకు వచ్చిన మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథమునకే దక్కింది. సినిమా ఎట్లు తీస్తారో, ఎవరి డబ్బుతో తీస్తారో, ఏ మాటకు జనము చప్పట్లు కొడుదురో చెప్పే పుస్తకము చదివినవాడు, తెర మీది బొమ్మకు పాలు పోయడు.

నాలుగవది నీటిని గూర్చిన చిన్న పుస్తకము. తీసి చూచుచుండగా ఫ్లోరైడు మీద ఒక అధ్యాయము కనబడింది. ఈ సహోదరుని తల్లి పుట్టిల్లు నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. నడివయసు రాకముందే ఆమె కాళ్లు వంకరపోయి, నడుము వంగిపోయింది. ఆ పెద్దమ్మ బ్రతికియుండగా మేము ప్రార్థనకు వెళ్లేవారము. ఊరివారు ఆమెను పాపము ఫలించిందనేవారు, చేతబడి అనేవారు. ఆమె కూడ అదే నమ్మి కన్నుమూసింది.

మేము ఆ పుస్తకము పక్కన పెట్టి, "వచ్చే ఆదివారము అబ్బాయిని వెంటబెట్టుకొని రండి. కాల్చుట సంగతి అప్పుడు చూద్దాము" అని పంపివేశాము.

ఇద్దరూ వచ్చారు. కొడుకు తల వంచుకొనియున్నాడు, తిట్లు పడతాయనుకొన్నాడు కాబోలు. "తమ్ముడూ, ఈ అధ్యాయము మీ నాయనకు చదివి వినిపించు" అన్నాము. అతడు చదివాడు. మన రాతి నేలలలో, ముఖ్యముగా లోతైన బోరు నీటిలో, బండలనుండి ఫ్లోరైడు కరిగి చేరునని. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే కీడని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టిందని. ముందు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు వచ్చి, ఏండ్ల తరబడి అదే నీరు త్రాగితే కీళ్లు బిగిసి ఎముకలు వంగునని. మన దేశములో దీనిని 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి వ్రాశారని. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదని. పటిక, సున్నము, బ్లీచింగ్ పౌడరుతో దానిని తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థవారు కనుగొని, దానికి నల్గొండ పద్ధతి అని మన పక్క జిల్లా పేరే పెట్టారని.

తండ్రి చాలాసేపు మాటాడలేదు. తరువాత మెల్లగా, "అయితే మా అమ్మ పాపం ఏం లేదన్నట్టేనా అయ్యగారూ" అన్నాడు.

మాకు యోహాను సువార్త 9వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చింది. పుట్టుగ్రుడ్డివానిని చూసి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని శిష్యులు ఆనాడు అదే అడిగారు. వీడైనను, వీని కన్నవారైనను కాదని ప్రభువు చెప్పాడు. ఆయన చెప్పిన ఆ మాట ఆ తల్లి విషయములో మేము గట్టిగా చెప్పలేకపోయాము. ప్రార్థన చేసి వచ్చామేగాని, ఆమె మీద ఊరు వేసిన నింద తీసివేయలేదు. కొడుకు తెచ్చుకొన్న పుస్తకము ఆ పని చేసింది. మేము ఆ తండ్రి చేయి పట్టుకొని, "లేదు. ఆమె పాపము కాదు, నీరు" అని చెప్పాము. తండ్రీ కొడుకులిద్దరూ ఏడ్చారు.

అట్లని అచ్చులో ఉన్నదంతా సత్యమని మేము చెప్పుట లేదు. అబద్ధపు పుస్తకములున్నవి, ద్వేషము నూరిపోయునవి ఉన్నవి. అందుకే పరీక్షించి మేలైనదానిని పట్టుకొనుమని పౌలు థెస్సలొనీకవారికి వ్రాశాడు. పరీక్షించవలెనంటే ముందు చదువవలెను గదా. కాబట్టి ఇంట పుస్తకము చదువుచున్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకొనుడి. వ్రాసినది ఎవరు, ఎప్పుడు? ఆయనకు ఈ సంగతి ఎట్లు తెలిసింది, చూచినదా, విన్నదా, ఊహయా? ఇదే సంగతి మరియొకరు ఏమని వ్రాశారు? ఇది చదివినందువలన పొరుగువాని మీద మనకు ప్రేమ పెరిగెనా, తరిగెనా? సెల్‌ఫోనులో వాట్సాప్‌లో వచ్చే పేరులేని వార్తలకు ఈ ప్రశ్నలు వేసి చూడుడి, చాలా మట్టుకు మొదటి ప్రశ్నకే నిలువవు.

తల్లిదండ్రులారా, పిల్లలు ప్రశ్న అడిగితే గద్దించవద్దు. జవాబు తెలియకపోతే, "నాకు తెలియదు బిడ్డా, ఇద్దరము కలిసి వెదుకుదాము" అనుడి. సమస్తమును సృజించినవాడు దేవుడని మన విశ్వాసము. ఆయన చేతిపనిని జాగ్రత్తగా చూచి వ్రాసిన పుస్తకమునకు ఆయన బిడ్డలు భయపడనక్కరలేదు. యౌవనస్థులారా, మీకు కూడ ఒక మాట. పేజీ అయిన తరువాత వస్తానంటే సరే, కాని నిజముగా రండి. చదువురాని మీ అమ్మానాన్నలకు మీరు చదివినది చెప్పండి. మీ చదువు వారికి కూడ చెందినదే.

ఆ ఇంట ఇప్పుడు రాత్రి ప్రార్థన తరువాత పావుగంట చదువు జరుగుచున్నది. కొడుకు చదువుతాడు, తండ్రి వింటాడు. చరిత్ర పుస్తకము సగమైందట. సినిమా పుస్తకము మాత్రము ఆఖరున చూద్దామని తండ్రి షరతు పెట్టాడు.

బస్టాండులో కనబడిన ఆ యౌవనస్థుని చిరునామా మేము సంపాదించాము. ఈ వారము వెళ్లి, ఆనాటి ప్రశ్నకు మాకు జవాబు తెలియకనే గద్దించామని ఒప్పుకొని, క్షమాపణ అడుగుటకు నిశ్చయించుకొన్నాము. మా కొరకు ప్రార్థించుడి.

ప్రభువు కృప మీ గృహములకు తోడైయుండును గాక. ఆమేన్.