నవంబరు 11, మే 7

ఇక్కడ కెనడాలో నవంబరు 11న యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకుంటారు. దానికి గుర్తుగా పోయిన ఏడాది ఇదే నెల మన సంఘం పత్రిక అట్ట మీద ఎర్రటి పాపీ పువ్వు బొమ్మ వేశాం. అది చూసి ఒక సభ్యుడు ఉత్తరం రాశారు. "ఎవరి యుద్ధాల్లోనో ఎవరి పిల్లలో పోయారు. వాళ్ళ స్తంభం దగ్గర తెలుగు సంఘం పూలచక్రం ఉంచడం దేనికండీ?" అని అడిగారు. నిష్ఠూరంగా అడిగిన మాట కాదు, తెలుసుకుందామని అడిగిన మాటే. ఆ ఉత్తరం ఏడాదిగా నా బల్ల సొరుగులో ఉంది. మళ్ళీ నవంబరు వచ్చింది. ఈ ఏడూ పూలచక్రం ఉంచాలని కార్యవర్గం తీర్మానించింది కాబట్టి ఆయనకు జవాబు బాకీ పడ్డాం.

నేను ఉంటున్న ఊరు చాలా చిన్నది. ఒక పోస్టాఫీసు, రెండు చర్చిలు, ఒక హార్డ్‌వేర్ కొట్టు, నాలుగు రోడ్ల కూడలిలో బూడిదరంగు రాతి స్తంభం. దాని మీద పేర్లు చెక్కి ఉంటాయి. 1914–1918 వైపు పేర్లు కిక్కిరిసి ఉంటాయి, 1939–1945 వైపు కాస్త తక్కువ. ఒకచోట ఒకే ఇంటిపేరు కిందా మీదా రెండుసార్లు కనిపిస్తుంది. అన్నదమ్ములు. ఆ ఇంటిపేరే ఇవాళ్టికీ హార్డ్‌వేర్ కొట్టు బోర్డు మీద ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కెనడా జనాభా 80 లక్షలు కూడా లేదు. అందులో 60 వేలమందికి పైగా తిరిగి రాలేదు. అందుకే ఇక్కడ రాయి లేని ఊరు అరుదు.

పోయినేడు నవంబరు తొమ్మిదిన, చీకటి పడే వేళకు మాజీ సైనికుల సంఘమైన లీజియన్ నుంచి ఒక పెద్దాయన మా ఇంటి తలుపు తట్టాడు. వయసు ఎనభై దాటి ఉంటుంది. చేతిలో మడతపెట్టిన కాగితం, అందులో పూలచక్రాలు ఉంచే సంఘాల జాబితా. మన సంఘం పేరు ఎలా పలకాలో కనుక్కుని పోదామని వచ్చాడట. లోపలికి రమ్మన్నా రాలేదు, బూట్లకు బురద ఉందన్నాడు. గుమ్మంలోనే నిలబడి నా చేత అనిపించుకుని తాను అన్నాడు. మొదటిసారి "టెలూగూ" అన్నాడు. మూడోసారికి దాదాపు మనలాగే అన్నాడు. అప్పుడు జేబులోంచి పెన్సిలు తీసి, తనకు అర్థమయ్యే గుర్తులేవో ఆ పేరు పక్కన రాసుకున్నాడు. ఇంత శ్రమ ఎందుకని అడిగితే చెప్పాడు. కూడలి రాతి మీద ఉన్న ఒక ఉక్రెయిన్ కుర్రాడి పేరును నవంబరు 11 సభల్లో తాను చాలా ఏళ్ళు తప్పుగా చదివాడట. ఒకసారి అతని చెల్లెలు, అప్పటికే ముసలావిడ, సభ అయ్యాక దగ్గరకు వచ్చి మెల్లగా సరిదిద్దిందట. "అన్నేళ్ళూ ఆమె అక్కడే నిలబడి ఇంకెవరి పేరో విన్నట్టే కదా" అన్నాడు.

మనం అక్కడికి వెళ్ళడానికి నాకు ఆ పెద్దాయన చాలు. అయినా ఆ సభ్యుడు అడిగిన దాంట్లో బరువైన మాట ఇంకొకటుంది. "ఎవరి" అన్న మాట. దాన్ని దాటవేయకూడదు.

ఈ దేశపు రాళ్ళ మీద కూడా మొదట్నుంచీ అందరి పేర్లూ లేవు. ఒంటారియోలోని కిచెనర్‌లో బుక్కన్ సింగ్ అనే సిక్కు సైనికుడి సమాధి ఉంది. మొదటి యుద్ధంలో కెనడా తరఫున పోరాడి, గాయపడి, క్షయతో 1919లో పోయాడు. ఎన్నో దశాబ్దాలు ఆ సమాధిని పట్టించుకున్నవాళ్ళు లేరు. అతని పతకం ఇంగ్లండులో ఒక తాకట్టు కొట్టులో బయటపడింది. పతకం అంచున చెక్కిన పేరు పట్టుకుని వెతికితే సమాధి దొరికింది. ఇప్పుడు ఏటా నవంబరులో అక్కడ జనం చేరుతున్నారు. పారీ సౌండ్ అనే చిన్న ఊళ్ళో ఫ్రాన్సిస్ పెగామగాబో విగ్రహం 2016లో పెట్టారు. ఆయన ఒజిబ్వే అనే ఆదివాసీ జాతి మనిషి. మొదటి యుద్ధంలో మూడుసార్లు మిలిటరీ మెడల్ అందుకున్నాడు. తిరిగొచ్చాక సొంత నేల మీద, ఆదివాసుల మీద సర్కారు నియమించిన "ఇండియన్ ఏజెంటు" పెత్తనం కింద బతకాల్సి వచ్చింది. రిజర్వులలోని ఆదివాసులకు ఈ దేశంలో షరతులు లేని ఓటుహక్కు 1960లో గానీ రాలేదు. నవంబరు 8ని ఆదివాసీ సైనికుల దినంగా పాటించడం 1994లో విన్నిపెగ్‌లో మొదలైంది. మొదటి యుద్ధం ముగిసిన 76 ఏళ్ళకు.

ఆదివాసీ అన్న మాట దగ్గరకొచ్చేసరికి నా మనసు ఈ ఊళ్ళో నిలవదు, అరకు వెళ్ళిపోతుంది.

నా చిన్నతనం అరకులోయలో గడిచింది. నాన్న బడిపంతులు. పిల్లల్ని బడిలో చేర్పించడానికి పల్లె పల్లె తిరిగేవారు, సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్ళేవారు. గదబలనే ఆదివాసుల పల్లె ఒకదానిలో, ఊరి నడుమ చెట్టు కింద, బల్లపరుపు రాళ్ళు పరిచి ఉండేవి. వాటిని ఆనుకుని కొన్ని నిలువు రాళ్ళు. సదర్ అంటారు ఆ చోటుని. తగవు తీర్చినా, పెళ్ళి మాట కుదుర్చుకున్నా, పండగకు రోజు చూసుకున్నా అక్కడే. నడిచి నడిచి కాళ్ళు పీకుతుంటే వెళ్ళి ఒక రాతి మీద కూలబడ్డాను. పక్కనున్న ముసలాయన తన రాతి మీద అరచెయ్యి ఆనించి, "ఇది మా తాత" అన్నాడు. తాత రాయి అనలేదు, తాత అన్నాడు. ఆ పక్కదాన్ని చూపించి, "అది మా పెదనాన్న." నేను ఉలిక్కిపడి లేచాను. "కూకో బాబూ, ఏటీ అవదు" అని నవ్వాడు.

గదబలు పోయినవాళ్ళ కోసం కొన్నేళ్ళకొకసారి గోతర్ అనే పెద్ద కర్మ చేస్తారు. దున్నపోతులను ఇస్తారు, రాళ్ళు నిలబెడతారు. మనకు గోండుల మీద పుస్తకాలతో పరిచయమైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940ల్లోనే దీని గురించి రాశాడు. ఆ రాళ్ళ మీద ఒక్క అక్షరం ఉండదు. ఏది ఎవరిదో నోటితో చెప్పాల్సిందే. చెప్పేవాడు ఉన్నంతకాలం ఆ రాయి మనిషి. నేను చూసిన స్మారకాలన్నిటిలో నన్ను కూర్చోమన్న స్మారకం అదొక్కటే.

అదే కొండల్లో కర్మ దక్కనివాళ్ళూ ఉన్నారు. 1900లో పాచిపెంట దగ్గర కొర్రవానివలసలో కొర్రా మల్లయ్య అనే కొండదొర తెగ మనిషి తనకు దేవుడు పూనాడన్నాడు. నాలుగైదు వేలమంది చుట్టూ చేరారు. తాను పంచపాండవుల్లో ఒకడి అవతారమనీ, తన పసికొడుకు కృష్ణుడనీ, ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొట్టి తానే ఏలుతాననీ చెప్పాడు. వెదుళ్ళు నరికి తుపాకుల ఆకారంలో చెక్కించాడు. వేళ వచ్చినప్పుడు అవి నిజం తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయని ఆ జనం నమ్మారు. మే 1న సంగతి చూసి రావడానికి వెళ్ళిన ఇద్దరు కానిస్టేబుళ్ళను కొట్టి చంపారు. మే 7 తెల్లవారుజామున జిల్లా మేజిస్ట్రేటు రిజర్వు పోలీసులతో శిబిరం మీద పడ్డాడు. కాల్పుల్లో పదకొండుమంది చనిపోయారు. మల్లయ్య జైల్లో పోయాడు, ఇంకో ఇద్దరిని ఉరితీశారు. ఆ పసివాడూ బతకలేదు.

ఈ కథ థర్‌స్టన్ రాసిన కులాలు, తెగల సంపుటాల్లో ఒక పేరాగా ఉంది. పదకొండు అన్న అంకె ఉంది. మల్లయ్య పేరొక్కటే ఉంది. వెదురు తుపాకీ పట్టుకుని నిలబడిన ఆ పదకొండుమంది పేర్లు లేవు, చనిపోయిన ఇద్దరు కానిస్టేబుళ్ళ పేర్లూ లేవు. వాళ్ళు కూడా ఎవరింటి పిల్లలో, నెలజీతానికి ఆ కొండెక్కినవాళ్ళే.

సరిగ్గా 24 ఏళ్ళకు, మళ్ళీ మే 7న, కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును చెట్టుకు కట్టి కాల్చి చంపారు. ఈ తేదీ మనకందరికీ తెలుసు. 1974లో ఆయన మీద కృష్ణ సినిమా వచ్చాక తెలియని తెలుగు ఇల్లు లేదు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. 2022లో భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం నిలబెట్టారు. ఆ ఏడు ఏప్రిల్ 4 నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు, అరకు ఇప్పుడు అందులోదే. ఆయనకు జరిగిన గౌరవంలో వంక పెట్టాల్సిందేమీ లేదు. నా బాధ ఆయన పక్కన నిలబడ్డవాళ్ళ గురించి.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి వెళ్ళే దారిలో చలికాలం మంచు చూడటానికి కార్లు బారులు తీరుతాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కాలంలో ఆ వైపు రోడ్లు వేయడానికి కొండవాళ్ళ చేత చాలీచాలని కూలికి రాళ్ళు కొట్టించారు. అప్పటికే అడవి చట్టాలతో పోడు పోయింది. కడుపు మండి జనం రాజు వెనక నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి, మొత్తం 26 తుపాకులు తీసుకున్నారు. తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడు. దొంగతనం చేసినవాడు సంతకం పెట్టడు. సర్కారు కాగితాల్లో మాత్రం దీని పేరు పితూరీ. ఆ రోజుల్లో తిరుగుబాటు అని దాని అర్థం. ఇప్పుడు మన ఇళ్ళల్లో పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరు చెప్పే చాడీ. అంత పెద్ద మాట ఇంత చిన్నదైపోవడం నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఆ సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో రాజు దళం మాటు వేసింది. ముందు నడుస్తున్న మన దేశపు సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చింది. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఉండనివ్వాలి. వాళ్ళకూ తల్లులు ఉన్నారు, సముద్రాలవతల ఆ కబురు కోసం కాదు ఎదురుచూసింది. కానీ ఆ వైపు ఇద్దరికీ పేరు పేరునా సమాధి దక్కినప్పుడు, ఈ వైపు వాళ్ళను మనం "అల్లూరి అనుచరులు" అన్న ఒక్క మాటలో సర్దేసి ఊరుకోవడం సరికాదు.

మనలో ఎంతమందిమి ఈ పేర్లు తడుముకోకుండా చెప్పగలం? గాం గంటందొర, రాజు పోయాక 1924 జూన్‌లో నేలకొరిగాడు. అతని తమ్ముడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అండమాన్ కొట్టు నుంచి పార్లమెంటు దాకా నడిచిన ఆ మనిషి మీద మన పత్రికలో ఇన్నేళ్ళలో ఒక్క వ్యాసం రాలేదు. పాత సంచికలన్నీ వెతికాను. అగ్గిరాజు అని జనం పిలుచుకున్న వేగిరాజు సత్యనారాయణరాజు అండమాన్‌లోనే కన్నుమూశాడు. గోకిరి ఎర్రేసు. ఎండు పడాలు. బోనంగి పండు పడాలు. ఇక్కడితో నా జాబితా ఆగిపోతోంది. మలబారు పోలీసులూ అస్సాం రైఫిల్సూ ఆ అడవులను గాలించాయి. దళానికి గంజి కాచి పోసిన ఆడవాళ్ళూ, దారి చూపించిన పిల్లలూ ఎంతమంది ఉంటారో, ఆచూకీ చెప్పనందుకు దెబ్బలు తిన్న పల్లెలు ఎన్ని ఉంటాయో ఆలోచించండి.

కెనడాలోనూ ఇలాంటి చరిత్ర ఉంది. 1885లో వాయవ్య ప్రాంతపు తిరుగుబాటు అణిచాక, నవంబరు 27న బాటిల్‌ఫోర్డ్‌లో ఎనిమిదిమంది ఆదివాసులను ఒకేసారి ఉరితీసి ఒకే గోతిలో పూడ్చారు. చాలాకాలం ఆ గొయ్యి ఎక్కడుందో చూపే గుర్తు కూడా లేదు. ఇప్పుడు అక్కడ ఎనిమిది పేర్లతో రాయి ఉంది. ఎవరో కూర్చుని, వెతికి, పెద్దవాళ్ళను అడిగి, ఆ పేర్లు కూడబెట్టారు. మనకూ ఆ పని ఉంది. ఉత్తరం రాసిన సభ్యుడికి నా జవాబు ఇదే: ఈ ఊరి పేర్లు చదివే చోటుకు వెళ్దాం, మన పేర్లు చదివే చోటు ఒకటి మనమే ఏర్పాటు చేసుకుందాం.

వచ్చే మే 7 సాయంత్రం మన సంఘం హాల్లో ఒక గంట కేటాయించాం. ఉపన్యాసాలు ఉండవు. సన్మానాలూ శాలువలూ ఉండవు. 1900, 1922–24 సంవత్సరాల పోరాటాల్లో ఉన్నవాళ్ళ పేర్లు దొరికినన్ని చదువుతాం. దొరకని పదకొండు పేర్ల కోసం పదకొండుసార్లు ఆగుతాం. ఆ ఇద్దరు కానిస్టేబుళ్ళ కోసం ఇంకో రెండుసార్లు. లీజియన్ పెద్దాయన్ని పిలిచాం, వస్తానన్నాడు.

మీలో చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి, పాడేరు, అరకు, పాచిపెంట, సాలూరు వైపు చుట్టాలున్నవాళ్ళు ఉన్నారు. అక్కడ పనిచేసి వచ్చిన ఉపాధ్యాయులూ, డాక్టర్లూ, బ్యాంకు ఉద్యోగులూ ఉన్నారు. ఈ సంక్రాంతికి ఇంటికి ఫోను చేసినప్పుడు పెద్దవాళ్ళను అడగండి. ఒక పల్లెలో ఎవరి ముత్తాతనో పట్టుకుపోయారని విని ఉంటారు, ఎవరి ఇల్లో తగలబెట్టారని విని ఉంటారు. ఒక్క పేరు తెలిసినా చాలు, పేరుతో పాటు ఊరు చెప్పండి. రాసి పంపండి, రాయడం కుదరకపోతే ఫోనులో రికార్డు చేసి పంపండి. రికార్డు చేస్తే ఇంకా మంచిది. ఆ పేరును ఆ ఊళ్ళో ఎలా పిలిచేవాళ్ళో అలాగే, రెండు మూడుసార్లు, నిదానంగా పలకండి.