ఈగ ఆయువుపట్టు దిబ్బలో ఉంది

మామిడిపండ్ల అంగళ్లు సర్దుకునే వేళకు రెండు వానలు పడితే చాలు, కర్నూలులోనూ కడపలోనూ ఈగలు ముసురుతాయి. ఉగ్గాని ప్లేటు మీద, కోసిపెట్టిన బొప్పాయి ముక్కల మీద, ఉయ్యాలలో పడుకున్న పసిబిడ్డ మూతి మీద అవే. జనం మొత్తుకుంటారు. పొగబండి వస్తుంది. మురికికాలువల గట్ల మీద బ్లీచింగ్ పౌడరు ముగ్గు పోసినట్టు చల్లి వెళ్తారు. నాలుగు రోజులు తిరక్కుండా ఈగలు మళ్లీ వాలుతాయి. ఏటా ఇదే తంతు. ఎగిరే ఈగ మీద ఇంత ఖర్చు పెడుతున్నాం గానీ, అది పుట్టే చోటికి మాత్రం ఎవరమూ పోవడం లేదు.

ఇంటి వెనక ఎరువు దిబ్బ ఉన్నవాళ్లు దాని అంచును ఒకసారి కట్టెతో కదిలించి చూడండి. పైపొర ఎండకు ఎండి పెచ్చులు లేస్తుంది. జానెడు లోపలికి పోతే చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ రెంటి నడుమ గోరువెచ్చగా, చెమ్మగా ఒక పొర ఉంటుంది. తెల్లటి పురుగులు మెసిలేది అక్కడే. తల్లి ఈగ ఒక్కో దఫా 100 నుంచి 150 గుడ్లు పెడుతుంది. మన వేడికి అవి ఒక్క రోజులోపే పగులుతాయి. పురుగు ఆ కుళ్లులో పెరిగే సూక్ష్మజీవులను తింటూ నాలుగైదు రోజుల్లో బలిసి, పక్కనున్న పొడి మట్టిలోకి పాకి, ఎర్రమట్టి రంగు గుల్లలో ఒదుగుతుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా మొత్తం వారం, పది రోజుల పని. దీనికంతటికీ తడి ఉండాలి. తడి లేని పేడలో ఈగకు సంతానం లేదు.

ఆ చెమ్మ పొరలో ఈగ ఒంటరిగా ఉండదు, దాని శత్రువులూ అక్కడే కాపురముంటాయి. మాక్రోకీలిస్ అనే నల్లి ఈగ గుడ్లను, అప్పుడే పుట్టిన పురుగులను తింటుంది. దానికి రెక్కలు లేవు. పేడపురుగుల ఒంటినో, ఈగ ఒంటినో పట్టుకుని ఒక పేడకుప్ప నుంచి ఇంకో కుప్పకు ప్రయాణం కడుతుంది. స్పలాంజియా అనే కందిరీగ చీమంత కూడా ఉండదు. అది మట్టిలోకి దూరి, గుల్లకు బెజ్జం పెట్టి, లోపల తన గుడ్డు పెట్టి పోతుంది. ఆ గుల్లలోంచి ఈగ బయటికి రాదు, ఇంకో కందిరీగ వస్తుంది. పైన ఎగిరే ఈగలకేమో సాలీళ్లు, బల్లులు, బర్రె వీపు మీద కూచున్న పసులపోలిగాడు ఉండనే ఉన్నారు.

దిబ్బ మీద పురుగుమందు గుప్పిస్తే ఈ కాపలాదారులంతా పోతారు. ఈగ కూడా చస్తుంది, కాదనను. కానీ పది రోజులకో తరం పుట్టే ఈగ ముందుగా తేరుకుంటుంది. మందుకు తట్టుకున్న నాలుగు ఈగల పిల్లలే ఆ తర్వాత ఊరంతా నిండుతాయి. డీడీటీ వాడకంలోకి వచ్చిన కొన్నేళ్లకే, 1940ల ముగింపులోపే, స్వీడన్‌లోనూ ఇటలీలోనూ దానికి చావని ఈగలు కనిపించాయి. ఇన్ని దశాబ్దాలు గడిచినా ఆ పాఠం మన పొగబండి దాకా చేరకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈగను తేలిగ్గా తీసుకోమని నేననడం లేదు. దానికి కొరికే పళ్లు లేవు. గట్టి పదార్థం మీద లోపలి రసాన్ని కక్కి, కరిగించి పీలుస్తుంది. మలం మీద నిలబడిన కాళ్లతోనే మన అన్నం మీద వాలుతుంది. పాకిస్తాన్ పల్లెల్లో జరిపిన పరిశీలన ఒకటి 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఈగలను అణచిన ఊళ్లలో పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయి. అక్కడ తగ్గించింది మందు కొట్టే, ఆ మాట దాచకూడదు. అతిసారం ప్రబలిన వారంలో మందు కొట్టాల్సిందే. ఏడాది పొడుగునా అదే దిక్కనుకోవడం దగ్గరే నాకు పేచీ.

ఇంకో సంగతి మామిడి రైతులకు. పూత మీద పుప్పొడి మోసే పని తేనెటీగలది మాత్రమే కాదు, మామిడికి రకరకాల ఈగలే పెద్ద దిక్కు. ఇంట్లో తిరిగే ఈగ కూడా వాటిలో ఒకటి. ఉమ్మడి కడప జిల్లా రైల్వే కోడూరు తోటల్లో పూత విచ్చినప్పుడు గెల దగ్గర నిలబడితే ఆ సందడి వినిపిస్తుంది. తేనెమంచు పురుగుకని నిండు పూత మీద మందు కొడితే, కాయ కట్టించే కూలీలను మన చేత్తో మనమే చంపుకున్నట్టు. కొట్టాల్సిన మందు పూత విచ్చకముందే కొట్టాలి.

ఇక ఊళ్ల సంగతి. ఎండ మనకు పుష్కలం, దాన్ని వాడుకోవడమే తెలియాలి. సీమలో చేలల్లో గొర్ల మంద తోలే పద్ధతి చూడండి. మంద రాత్రికో చోటు మారుతుంది, పెంటికలు పలుచగా పడి ఎండిపోతాయి, ఈగకు తడి కుప్ప దొరకదు. కష్టమంతా ఒకేచోట పేరుకునే వాటితోనే: పట్నంలో పాడి పశువుల కొట్టాలు, కోళ్ల ఫారాల కింద తడి రెట్ట, హోటళ్ల వెనక తొట్లు, కూరగాయల మార్కెట్లలో కుళ్లిన టమాటా. పురుగు గుల్ల కట్టడానికి నాలుగైదు రోజులు పడుతుంది కాబట్టి, తడి చెత్తను వారానికి రెండుసార్లు తప్పకుండా ఎత్తేస్తే ఈగ పుట్టకముందే దాని కథ ముగుస్తుంది. నెలకోసారి తిరిగే పొగబండి కంటే ఆ రెండు ట్రాక్టరు ట్రిప్పులే మేలు. ఎత్తిన చెత్తను ఊరి బయట కుప్పపోసి వదిలేస్తే మాత్రం ఈగ చిరునామా మారుతుందంతే. దాన్ని తిరగేస్తూ, లోపలి వేడికి మాగనిచ్చి ఎరువు చేయాలి.

పల్లెల్లో దిబ్బను ఎండాకాలంలోనే చేలకు తోలేవాళ్లు. ఇప్పుడు ఎద్దులబండ్లు లేవు, ట్రాక్టరు బాడుగ చిన్న రైతు భరించలేడు. అందుకే ఎరువు తొలకరి దాకా ఇంటి వెనకే ఉండి వానకు నానుతోంది. మే నెలలో పంచాయతీలు ఈ బాడుగలో సగం భరించాలి. మందులకు, బ్లీచింగ్‌కు పెట్టే డబ్బులోంచి అందుకు కొంత తీయొచ్చు. ఊరికి ఈగలు తగ్గుతాయి, చేనికి ఎరువు వేళకు అందుతుంది.