ఉచిత నీటికీ మీటరే ప్రాతిపదిక
గృహ కనెక్షన్లకు నిబంధన ఎవరికి, ఎప్పటి నుంచి?

హైదరాబాదు: మహానగరంలో ప్రతి గృహ కనెక్షనుకు నెలకు 20 వేల లీటర్ల వరకు తాగునీటిని ఉచితంగా సరఫరా చేసే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2021 జనవరి 12న ప్రారంభించిన విషయం విదితమే. 2020 డిసెంబరు వినియోగం నుంచే ఈ రాయితీని వర్తింపజేశారు. ఉచితంగా ఇచ్చే నీటికి మీటరు ఎందుకన్నది సహజంగా ఉదయించే ప్రశ్న.

ఉచిత సరఫరాకు పరిమితి ఉన్నప్పుడు ఆ పరిమితి దాటిందీ లేనిదీ తేల్చవలసింది మీటరే. అందువల్ల పనిచేసే మీటరును అమర్చుకోవడం, వినియోగదారు ఖాతా సంఖ్యను ఆధార్‌తో అనుసంధానించుకోవడం తప్పనిసరి షరతులుగా నిర్దేశించారు. మురికివాడల్లోని గృహాలకు మాత్రం మీటరు నుంచి మినహాయింపు ఇచ్చి, అనుసంధానంతోనే సరిపెట్టారు. తొలుత 2021 మార్చి 31గా ఉన్న గడువును పలుమార్లు పెంచి, అదే సంవత్సరం డిసెంబరు 31 వరకు పొడిగించారు.

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు అవసరమన్నది కేంద్ర ప్రమాణం. ఆ లెక్కన ఐదుగురు గల కుటుంబానికి 30 రోజులకు 20,250 లీటర్లు కావాలి. అంటే ఉచిత పరిమితి దాదాపు ఒక సగటు కుటుంబ అవసరానికి సమానం. అయితే ఎనిమిది మంది గల ఉమ్మడి కుటుంబానికి 32,400 లీటర్లు అవసరం కాగా, దంపతులిద్దరే ఉన్న ఇంటికి 8,100 లీటర్లు చాలు. ఒకే కనెక్షనుపై రెండు మూడు వాటాలు అద్దెకిచ్చిన ఇళ్లలోనూ పరిమితి త్వరగా దాటే అవకాశం ఉంది. మీటరు నీటిని కొలుస్తుందే తప్ప మనుషులను లెక్కించదు. విధాన రూపకర్తలు దృష్టిలో ఉంచుకోవలసిన అంశమిది.

నాగార్జునసాగర్ నుంచి కృష్ణా జలాలను, ఎల్లంపల్లి నుంచి గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి ఎత్తిపోసి నగరానికి తరలించవలసి వస్తోంది. మీటరు లేనిచోట పొదుపరికీ దుబారా చేసేవారికీ ఒకే బిల్లు వస్తుంది. వాడిన పరిమాణాన్ని బట్టే ఛార్జీలుండాలని 2012 నాటి జాతీయ జల విధానం సైతం సూచించింది.

మీటరు వల్ల వినియోగదారులకు మరో ప్రయోజనమూ కలదు. ఇంటిలోని కుళాయిలన్నీ కట్టివేసి, సంపులోకి, ట్యాంకులోకి నీరు చేరకుండా ఆపిన తరువాత కూడా మీటరు తిరుగుతూ ఉంటే, మీటరు దాటిన తరువాత ఎక్కడో పైపు కారుతున్నట్లే. ఆ లీకేజీని సకాలంలో సరిచేయించుకుంటే నీరూ, బిల్లు భారమూ రెండూ తగ్గుతాయి.