మొదటి ఏడాది ఎవరి ఖాతాలో?

ఉప్పుగాలి – తీరవాసి

కృష్ణపట్నం రేవుకు దగ్గరలోని పంటపాలెం రోడ్డులో ఉదయం షిఫ్టు మారే వేళ ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడినా ఇదే కనిపిస్తుంది. లోపలి నుంచి నూనె ట్యాంకర్లు వస్తుంటాయి. సెక్యూరిటీ గది కిటికీ ముందు నలుగురైదుగురు కుర్రాళ్లు ప్లాస్టిక్ ఫోల్డర్లు చంకలో పెట్టుకుని నిలబడి ఉంటారు. ఫోల్డర్‌లో బయోడేటా, పదో తరగతి మార్కుల లిస్టు, ఐటీఐ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు. మొన్న నేను చూస్తుండగా ఒకబ్బాయి ఫోల్డర్ విప్పి కిటికీలోకి అందించాడు. సెక్యూరిటీ ఆయన పైకాగితం కూడా పూర్తిగా చదవలేదు.

"ఎక్స్‌పీరియన్స్ ఎంతబ్బయ్యా?"

"ఇప్పుడే ఐటీఐ అయిందన్నా. ఫిట్టర్."

"రెండేళ్లుంటేనే తీసుకోమన్నారు నాయనా. ఇంకెక్కడైనా చేసి రా."

ఎక్కడ చెయ్యాలో ఆయన చెప్పలేదు. ఆయనా కాంట్రాక్టు మనిషే, పైవాళ్లు చెప్పమన్న మాట చెప్పాడు. ఆ పిల్లవాడు ఫోల్డర్ మూసుకుని పక్క గేటుకు నడిచాడు. అక్కడా అదే అడుగుతారని వాడికి తెలుసు.

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అంటారు మనవాళ్లు. సామెతగా వింటే నవ్వొస్తుంది. కొడుకు ఐటీఐ ఫీజు కోసం రెండు గేదెలు అమ్ముకున్న ఇంట్లో ఆ మాట అనలేం.

ఈ తీరం ఇరవై ఏళ్లలో చాలా మారింది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. దాని పక్కనే నేలటూరులో జెన్‌కో వాళ్ల దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వచ్చింది, అందులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు నడుస్తున్నాయి. ప్రైవేటు విద్యుత్ ప్లాంట్లు వచ్చాయి. పామాయిల్ దిగుమతి చేసుకుని శుద్ధి చేసే కర్మాగారాలు వరసగా లేచాయి. ఉత్తరాన జువ్వలదిన్నెలో ఫిషింగ్ హార్బరు కట్టారు, ఇంకా పైన గుడ్లూరు మండలంలో రామాయపట్నం పోర్టుకు 2022 జులైలో శంకుస్థాపన చేశారు. భూములు తీసుకున్న ప్రతిచోటా పెద్దలు వేదికెక్కి చెప్పింది ఒక్కటే, మీ పిల్లలకు ఉద్యోగాలొస్తాయని. ఆ పిల్లలు చదువుకున్నారు, పెద్దవాళ్లయ్యారు, గేటు దాకా వచ్చారు.

అనుభవం అడగడమే తప్పని నేననను. బాయిలర్ దగ్గర నిలబడే మనిషికి పని తెలియకపోతే ప్రాణాలు పోతాయి. బాయిలర్ అటెండెంట్ పరీక్ష రాయాలన్నా ముందు బాయిలర్ దగ్గర పనిచేసి ఉండాలని నిబంధనే ఉంది. రేవులో క్రేన్ ఎక్కేవాడికీ, హైటెన్షన్ లైను ముట్టుకునేవాడికీ అనుభవం ఉండితీరాలి. అక్కడ కంపెనీ గట్టిగా ఉంటేనే మంచిది. కానీ కాటా దగ్గర లారీ తూకం రాసుకునే గుమస్తాకు రెండేళ్ల అనుభవం దేనికి? స్టోర్సులో బోల్టులు లెక్కపెట్టి ఇచ్చే కుర్రాడికి? ల్యాబులో నూనె శాంపిల్ సీసాలకు లేబుళ్లు అంటించే అమ్మాయికి? వారం రోజులు పక్కన నిలబెట్టి చూపిస్తే వచ్చే పనులివి. గేటు ముందు యాభై మంది ఉన్నప్పుడు నలభై మందిని మాట్లాడకుండా పంపించడానికి ఆ నిబంధన అక్కరకొస్తుంది. అంతకుమించి దానికి పనిలేదు.

ఇలా గట్టిగా అనడానికి నాకు ఆధారం ఇదే తీరం దక్షిణపు కొసన ఉంది. తడ మండలం మాంబట్టులో అపాచీ బూట్ల కంపెనీకి వేల మంది కావలసి వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, అంతకుముందు కుట్టుమిషను కూడా తొక్కని ఆడపిల్లలను బస్సులు పెట్టి తీసుకెళ్లారు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్లు బిగించడం మొదలుపెట్టినప్పుడూ అంతే. సెల్‌ఫోన్ తయారీలో అనుభవం ఉన్న అమ్మాయిలు మన పల్లెల్లో ఎక్కడుంటారు? కంపెనీయే నేర్పుకుంది. మనుషులు ఎక్కువ కావలసి వస్తే అనుభవం అడ్డురాదు. మనుషులు ఎక్కువ దొరికితే అడ్డొస్తుంది.

వాటికి కాస్త అవతల శ్రీహరికోట. 1970లలో అక్కడ చేరిన ఇంజనీర్లలో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన అనుభవం ఎవరికుంది? ఈ దేశంలో ఎవరికీ లేదు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ లేచిన కొద్ది నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. అనుభవం ఉన్నవాళ్లను వేరే దేశం నుంచి తెచ్చుకోలేదు. ఆ జట్టుకే మళ్లీ పని అప్పజెప్పారు, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. తప్పు చేయడానికీ, దిద్దుకోవడానికీ పట్టే కాలం ఖర్చు సంస్థ భరించింది. ఇప్పటికీ శ్రీహరికోటలో అప్రెంటిస్‌లను తీసుకుంటూనే ఉన్నారు.

ఖర్చు అన్నాను. అసలు గొడవంతా అక్కడే ఉంది. రొయ్యపిల్లల హ్యాచరీ నడిపే ఒకాయన నాతో వాదించాడు, ఆయన మాటలో నిజం లేకపోలేదు. "కొత్తవాడు ఒక్క రాత్రి నీళ్లు సరిగ్గా చూసుకోకపోతే ట్యాంకు మొత్తం పోతుంది సార్. లక్షల పిల్ల. సరే, ఓర్చుకుని నేర్పిస్తా. ఏడాది తిరిగేసరికి పక్క హ్యాచరీ వాడు మూడు వేలు ఎక్కువిస్తానని లాక్కుపోతాడు. నేను నేర్పేది, వాడు వాడుకునేది. నాకేం పట్టింది?" పక్క హ్యాచరీ యజమాని లెక్కా ఇదే. అందరూ ఇలాగే లెక్క వేసుకుంటే నేర్పేవాడు మిగలడు, తీరంలో ఉన్న కొద్దిమంది టెక్నీషియన్ల కోసం ఒకరి మీద ఒకరు వేలం పాడుకోవడమే మిగులుతుంది. పోనీ నేర్చుకోని పిల్లలా వీళ్లు? ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య కళాశాల ఉంది. నాలుగేళ్ల డిగ్రీ, చివర్లో హ్యాచరీల్లో, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ప్రాక్టికల్ శిక్షణ. దాన్ని అనుభవం కింద కట్టడానికి మనసొప్పక, బయటికొచ్చిన పిల్లలను మళ్లీ సున్నా దగ్గర నిలబెడుతున్నారు.

ఒక్క యజమాని నేర్పితే నష్టపోతాడు, అందరూ నేర్పితే ఎవరూ నష్టపోరు. జర్మనీలో దీన్ని ఎప్పుడో అర్థం చేసుకుని కంపెనీలు కలిసి అప్రెంటిస్‌లను తయారుచేసుకుంటాయి. అంత దూరం పోనక్కర్లేదు, మనకూ 1961 నుంచి అప్రెంటిస్ చట్టం ఉంది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు పైన పనిచేసే ఏ సంస్థ అయినా, కాంట్రాక్టు వాళ్లతో కలిపి లెక్కించి, సిబ్బందిలో 2.5 శాతానికి తగ్గకుండా 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నాలుగు వందల మంది ఉన్న ఫ్యాక్టరీలో కనీసం పది మంది. 2019 నిబంధనలు ఐటీఐ పిల్లవాడికి నెలకు 7,000 రూపాయలు, డిగ్రీ వాడికి 9,000 కనీస భృతి అన్నాయి. అందులో నాలుగో వంతు, 1,500కు మించకుండా, కేంద్రం పెట్టుకునే పథకం 2016లోనే వచ్చింది. అంటే మొదటి ఏడాది ఖర్చును ముగ్గురూ పంచుకోవడానికి దారి వేసే ఉంది. కంపెనీ కొంత, ప్రభుత్వం కొంత, తక్కువ జీతానికి ఒప్పుకుని ఆ పిల్లవాడు కొంత.

శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని ఆ చట్టంలో లేదు, నిజమే. అయితే 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. అంతకంటే ముఖ్యం, ఏడాది తర్వాత ఆ పిల్లవాడి చేతిలో ఒక కాగితం ఉంటుంది. పక్క గేటు దగ్గర అది మాట్లాడుతుంది.

ఇంకో చట్టం సంగతి కూడా చెప్పాలి. 2019లో మన రాష్ట్రంలో పరిశ్రమల ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేశారు. దాని మీద కోర్టుకు వెళ్లారు. అలాంటిదే హర్యానా చేస్తే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. 75 మీద జరిగిన వాదనలో ఆ చట్టంలోని మంచి ముక్క ఒకటి మరుగున పడిపోయింది. తగిన అర్హతలున్న స్థానికులు దొరక్కపోతే, ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలోగా వాళ్లకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలని అందులో రాశారు. శాతం సంగతి కోర్టులు చూసుకుంటాయి. మీకు కావలసిన పనివాడిని మీరే తయారుచేసుకోండి అన్న మాటకు మాత్రం ఏ రాజ్యాంగమూ అడ్డు చెప్పదని నా నమ్మకం.

ఈ దారులు మూసుకుపోయినచోట దొంగదారి తెరుచుకుంటుంది. అమీర్‌పేటలో కోర్సుతో పాటు మూడేళ్ల అనుభవం కూడా అమ్ముతారని మన ఊళ్లలో ప్రతి ఇంజనీరింగ్ పిల్లవాడికీ తెలుసు. ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, ఫోన్ చేస్తే "అవును, మా దగ్గరే చేశాడు" అని చెప్పే మనిషి, అన్నీ కలిపి ఒక రేటు. అమెరికా వెళ్లిన మన పిల్లల్లో కొందరు అక్కడి కన్సల్టెన్సీల చేతిలో ఇదే పనికి దిగి భవిష్యత్తు పాడుచేసుకున్నారు. పీఎఫ్ ఖాతా నంబరు పట్టి పాత సర్వీసు మొత్తం బయటికి లాగుతున్నారు ఇప్పుడు. దొరికినవాడి ఉద్యోగం పోతుంది, నిజంగా మూడేళ్లు చేసినవాడిని కూడా అనుమానంగా చూస్తారు. అబద్ధం తప్పే. ఇరవై రెండేళ్ల వాడిని మూడేళ్ల అనుభవం అడిగిన ప్రకటనను కూడా ఆ తప్పులో భాగస్వామిగా చూడాలి.

కాగితం ఉండి అనుభవం లేనివాళ్ల కథ ఇది. మన తీరంలో దీనికి రెండో సగం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

కోట మండలంలో రొయ్యల గుంటల మీద కాపలా ఉండే ఒక యానాది పెద్దాయనతో ఒక రాత్రి కూర్చున్నాను. చెక్‌ట్రే పైకి లాగి, మిగిలిన మేతను వేలితో కదిపి చూశాడు. ఒక రొయ్యను టార్చి వెలుగుకు అడ్డంగా పట్టుకుని పేగు నిండిందో లేదో చూశాడు. సగమే నిండింది. పొద్దున మేత తగ్గించాలన్నాడు. తెల్లవారుజామున రొయ్య పైకి తేలి గట్టు వెంబడి తిరిగితే గాలి చాల్లేదని అర్థమట, అప్పుడు ముందు ఏరేటర్లు వేసి ఆ తర్వాతే యజమానికి ఫోన్ చేస్తాడు. కళాశాలలో నేర్పేది ఇదే. ఈయనకు పుస్తకం లేదు, పని మాత్రం క్షుణ్ణంగా తెలుసు. ఏ కంపెనీ గేటు దగ్గరికి వెళ్లినా ఈయన అనుభవం సున్నా. ముందే చేతికొచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కౌశల్ వికాస్ యోజనలో ఉంది, అది గుంట గట్టు దాకా రావాలి.

రేవుల్లో, ప్లాంట్లలో కాంట్రాక్టర్ల కింద చేసేవాళ్లదీ ఇదే అవస్థ. టెండరు మారితే కాంట్రాక్టరు మారతాడు, మనిషి అక్కడే ఉంటాడు, సర్వీసు మాత్రం మళ్లీ ఒకటి నుంచి మొదలు. పని మానేసిన రోజున సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వాలని కాంట్రాక్టు కార్మికుల కేంద్ర నిబంధనల్లో 1971లోనే రాశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. కార్మికుడు అడిగితే, చేసిన పని వివరాలతో కాంట్రాక్టరు అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి. ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలి. 2024 మొదట్లో కృష్ణపట్నంలో కంటైనర్ల రాకపోకలు ఆగిపోయినప్పుడు ఎన్ని ఉద్యోగాలు పోతాయని అందరం అడిగాం. వాళ్లలో ఎంతమంది చేతికి, ఇన్నేళ్లు ఫలానా పని చేశాడు అన్న కాగితం ఇచ్చి పంపుతున్నారు అని కూడా అడగవలసింది. అది ఉంటే చెన్నైకో కాట్టుపల్లికో వెళ్లినవాడు కొత్తవాడి కూలికి చేరనక్కర్లేదు.

కలెక్టరు అధ్యక్షతన జిల్లా పరిశ్రమల ప్రోత్సాహక కమిటీ సమావేశాలు జరుగుతుంటాయి. అనుమతులు, రాయితీలు, కరెంటు కనెక్షన్లు అక్కడ తేలతాయి. రాయితీ అడిగే ప్రతి యూనిట్ ముందు రెండు గళ్లు పెట్టండి. నీ దగ్గర ఎందరు పనిచేస్తున్నారు, అందులో అప్రెంటిస్‌లు ఎందరు? ఆ జాబితాను ఊరి సచివాలయం గోడ మీద అంటించండి. ఏ గేటుకు వెళ్లాలో పిల్లలు వాళ్లే చూసుకుంటారు. కాంట్రాక్టు బిల్లు పాసయ్యే ముందు అనుభవ పత్రాలు ఇచ్చారా అని కార్మిక శాఖ అడగాలి. అడగడానికి కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.

రామాయపట్నం విషయంలో ఇంకా సమయం చేతిలో ఉంది. అక్కడ క్రేన్లు తిప్పేవాళ్లు, టగ్గుల మీద చేసేవాళ్లు, కాటా గుమస్తాలు ఎందరు కావాలో పోర్టు కట్టేవాళ్లకు ఇప్పటికే లెక్క ఉంటుంది. ఆ లెక్క బయటపెట్టి, గుడ్లూరు, కందుకూరు, కావలి పిల్లలను ఈ ఏడాదే కృష్ణపట్నంలో అప్రెంటిస్‌లుగా పెడితే, అక్కడ గేటు తెరిచేనాటికి వాళ్ల ఫోల్డర్లలో ఇంకో కాగితం చేరి ఉంటుంది.