ఎనిమిది గంటల బార్సిలోనా, ఐదు నిమిషాల కోనసీమ

మా హాస్టల్ రూమ్‌లో మెస్ నుంచి వచ్చాక ఒక అరగంట ట్రావెల్ వ్లాగ్ చూడటం అలవాటు. మొన్న మిడ్స్ అయిపోయిన రాత్రి మధ్యధరా సముద్రంలో క్రూజ్ వీడియో ఒకటి పెట్టాం. ఏడు రాత్రులు, ఆరు రేవులు. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్, పాల్మా. ఓడ మీద స్విమ్మింగ్ పూల్, పూల్ పక్కన ఇంకో పూల్, పన్నెండో అంతస్తులో బఫే. చూస్తూ చూస్తూ మా రూమ్మేట్ అన్నాడు, "జీవితంలో ఒక్కసారైనా వెళ్ళాల్రా. వారంలో ఆరు సిటీలు కవర్ అయిపోతాయి."

ఆ "కవర్" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. సిలబస్ కవర్ చేస్తాం. టెస్టింగ్ ల్యాబ్‌లో కోడ్ కవరేజ్ నూటికి నూరు చూపిస్తాం, అయినా ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది, అది వేరే కథ. కానీ ఒక ఊరిని కవర్ చెయ్యడం అంటే ఏంటి?

ముందే చెప్పేస్తున్నా. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇందులో ఒత్తులు, దీర్ఘాలు మా క్లబ్ సీనియర్లు దిద్దారు. అభిప్రాయాలు మాత్రం నావే, తిట్లు నాకే పంపండి.

ఆ వీడియోలో కనపడని మనిషి ఒకడు నాకు తెలుసు. మా పెద్దమ్మ గారబ్బాయి. మాది రాజోలు వైపు, వాళ్ళది మలికిపురం. హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి అలాంటి ఓడ మీదే క్యాబిన్ స్టూవర్డ్‌గా చేస్తున్నాడు. ఇది రెండో కాంట్రాక్టు. రోజూ గదులు సర్దాలి, దుప్పట్లు మార్చాలి, రాత్రికి తువ్వాలుతో ఏనుగు బొమ్మ చేసి మంచం మీద పెట్టాలి. ఏనుగు, కోతి, హంస, ఇలా ఓ పది రకాలు వచ్చు. పోయిన సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మా చెల్లికి కుందేలు చేసి చూపించాడు. దాన్ని విప్పడానికి ఒప్పుకోక మా చెల్లి రెండు రోజులు తువ్వాలు లేకుండానే స్నానం చేసింది.

ఆ వీడియో చూసిన మర్నాడు అన్నయ్యకి వాట్సాప్ కాల్ చేసి అడిగాను. "అన్నయ్యా, బార్సిలోనా ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఇరవై దాటుంటాయ్‌రా."

"ఏం చూశావు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందనుకున్నా. "రేవులో సీమెన్ల కోసం ఒక సెంటరుంటుంది. అక్కడ వైఫై బాగుంటుంది. అమ్మకి వీడియో కాల్ చేస్తాను. ఒకసారి మూడు గంటలు ఖాళీ దొరికితే ఆ పెద్ద చర్చి చూడ్డానికెళ్ళా. బయటినుంచే. ఇంకా కడుతున్నార్రా దాన్ని, పైన క్రేన్లు ఉన్నాయ్."

సగ్రాద ఫమీలియా. 1882లో మొదలుపెట్టారు. ఈ లెక్కన మన కోటిపల్లి - నర్సాపురం రైల్వే లైను గురించి మనం తొందరపడకూడదేమో. (బాలయోగి గారి కాలం నుంచీ వింటున్నాం. నేను పుట్టకముందు సంగతి అది.)

సరే, అన్నయ్య పనోడు, అతనికి టైమ్ లేదు. డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళు ఏం చూస్తారు? లెక్క వేశాను. ఓడ పొద్దున్న ఎనిమిదింటికి రేవుకి వస్తుంది, సాయంత్రం ఆరింటికి కదులుతుంది అనుకోండి. దిగడానికి క్యూ, ఎక్కడానికి క్యూ, కదలడానికి ముందే అందరూ లోపలుండాలని రూలు. చేతికి ఎనిమిది గంటలు మిగులుతాయి. అది బార్సిలోనా లాంటి చోట, ఊరు రేవు పక్కనే ఉంటుంది కాబట్టి. బ్రోషర్‌లో "రోమ్" అని రాసిన రోజు ఓడ ఆగేది రోమ్‌లో కాదు, చివితావెక్కియా అనే రేవులో. అక్కడినుంచి రోమ్ ఇంకా డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది. మన దగ్గర "కోనసీమ టూర్" అని రాజమండ్రిలో రైలు దింపి, రావులపాలెం మీదుగా అమలాపురం దాకా బస్సులో కూర్చోబెట్టినట్టే. వెళ్ళిరావడానికి పోగా రోమ్‌కి మిగిలేది ఐదు గంటలు. రెండు వేల ఏళ్ళు ఎప్పుడో దాటిన ఊరు, ఐదు గంటలు. అందులో పిజ్జా తినడం కూడా కలిసే ఉంది.

ఆ ఊళ్ళవాళ్ళు దీని గురించి ఏమనుకుంటున్నారో వెతికితే నేను అనుకున్నదానికంటే కోపంగా ఉన్నారు. 2024 జూలైలో బార్సిలోనాలో జనం ఊరేగింపు తీసి, హోటళ్ళ బయట కూర్చుని తింటున్న టూరిస్టుల మీద నీళ్ళ తుపాకులతో నీళ్ళు కొట్టారు. వెనిస్‌లో పెద్ద ఓడలు ఊరి నడిమధ్యకి రాకుండా 2021 ఆగస్టు నుంచి ఆపేశారు. 2024లో ఇంకో అడుగు వేశారు. కొన్ని రోజుల్లో, రాత్రి ఉండకుండా పగలొచ్చి పోయేవాళ్ళ దగ్గర ఐదు యూరోల టికెట్ వసూలు చేశారు. రాత్రి ఉండేవాళ్ళకి ఆ టికెట్ లేదు, గమనించండి. నాకు అసలు విషయం అక్కడే అర్థమైంది. ఓడలో వచ్చినవాడు ఓడలోనే టిఫిన్ తింటాడు, ఓడలోనే పడుకుంటాడు. ఊరికి వాడి అడుగులు మిగులుతాయి, చెత్త మిగులుతుంది, ఓ ఫ్రిజ్ మ్యాగ్నెట్ డబ్బులు మిగులుతాయి. వేలమంది ఒకేసారి ఓ సందులో దిగుతారు, సాయంత్రానికి మాయమైపోతారు. మళ్ళీ పొద్దున్న ఇంకో ఓడ.

ఇక్కడిదాకా చదివి "ఇదంతా మనకెందుకు, మన దగ్గర ఓడలెక్కడున్నాయి" అనుకుంటున్నారా? ఓడలూ వస్తున్నాయి. 2022 జూన్‌లో విశాఖకి క్రూజ్ షిప్ వచ్చింది, తర్వాతి ఏడాది అక్కడ క్రూజ్ టెర్మినల్ కూడా ఓపెన్ చేశారు. కానీ నేను చెప్తున్నది ఓడ గురించి కాదు. ఓడ లేకుండా కూడా క్రూజ్ చెయ్యొచ్చు. ఇన్నోవా ఉంటే చాలు.

పోయిన సంక్రాంతికి మా ఇంటి దగ్గర జరిగింది చెప్తాను. కనుమకి ముందు రోజు. మా మామ్మ దొడ్లో చెట్టు కింద కూర్చుని కురిడీ కాయలు ఏరుతోంది. రోడ్డు మీద ఒక కారు ఆగింది. నలుగురు దిగారు, మన వయసువాళ్ళే, ఇంకొంచెం పెద్దేమో. తోటలోకి వచ్చేశారు. అడగలేదు, గేటు కూడా లేదులెండి అడగడానికి. ఒకడు డ్రోన్ లేపాడు. ఒకమ్మాయి మామ్మ పక్కన నిలబడి జుట్టు సర్దుకుంది. మామ్మ సంబరంగా లేచి, "రండమ్మా, కూర్చోండి, కాఫీ పెడతాను, అరిసెలున్నాయి" అంది. వాళ్ళు నవ్వి, "లేదు బామ్మా, డిండి వెళ్ళాలి, అక్కడినుంచి అంతర్వేది, సన్‌సెట్ మిస్సవుతుంది" అన్నారు. ఐదు నిమిషాలు. కారు వెళ్ళిపోయింది.

మామ్మ కొంచెంసేపు రోడ్డు వైపే చూసి, "ఎవర్రా వాళ్ళు? పండగ పూట మంచినీళ్ళైనా తాక్కుండా ఎల్లిపోయారు" అంది. అంతే. ఆవిడకి కోపం కూడా రాలేదు.

నాకొచ్చింది. రెండు రోజుల తర్వాత ఆ రీల్ నా ఫీడ్‌లోకే వచ్చింది. అల్గారిథమ్‌కి మన ఊరు తెలుసు కదా. మా తోట పైనుంచి చాలా బాగుంది, అబద్ధం ఎందుకు. మామ్మ మూడు సెకన్లు ఉంది. కింద రాసింది రెండే మాటలు: "కేరళ వైబ్స్".

ఈ "ఆంధ్రా కేరళ" అన్న పేరు మనవాళ్ళే పెట్టుకున్నారు, బోర్డుల మీద రాసుకున్నారు, కాబట్టి ఆ అమ్మాయిని అనలేను. కానీ మనది కేరళ కాదండీ. అక్కడి బ్యాక్‌వాటర్స్ సముద్రం వెనకాల నిలిచిన ఉప్పు కలిసిన కాయలు. మనది గోదారి తెచ్చిపోసిన ఒండ్రు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య పడ్డ మట్టి. ఫొటోల్లో పడే కాలవలు ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, అంటే 1852 తర్వాత, పొలాలకి నీళ్ళ కోసం తవ్వినవి. వాళ్ళ హౌస్‌బోట్ ఒకప్పుడు బియ్యం మోసిన పడవ, ఆ పడవకి వాళ్ళ ఊళ్ళో ఒక చరిత్ర ఉంది. మనం డిండిలో తెచ్చి పెట్టుకున్నది ఆ బొమ్మని. మనకి మనదైన పడవ ఉంది, దాని పేరు పంటు. నర్సాపురం రేవు నుంచి సఖినేటిపల్లికి ఇప్పటికీ మనుషుల్నీ, బైకుల్నీ, కార్లనీ, గడ్డి మోపుల్నీ ఒకేసారి ఎక్కించుకుని వశిష్ఠ దాటుతుంది. నాకైతే ఏ లగ్జరీ క్రూజ్ కన్నా అదే ఇష్టం. పది నిమిషాల్లో పక్కనున్న ముసలాయన మన ఇంటిపేరు, మేనమామ పేరు, పర్సెంటేజీ అన్నీ లాగేస్తాడు.

ఆ పంటు బయల్దేరే రేవు పేరు మాధవాయపాలెం. ఈ వ్యాసం కోసం ఆ పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారో వెతుకుతుంటే ఒకటి దొరికింది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి అక్కడ ఫ్యాక్టరీ ఉండేది, ఇక్కడి నేత బట్ట ఓడలకెక్కేది. వాళ్ళకి నోరు తిరక్క ఊరిని "మదపొలం" అన్నారు. ఆ పేరే బట్టకి నిలిచిపోయింది. ఫ్రెంచిలో ఇప్పటికీ మదపొలం అంటే ఒక రకం నూలు గుడ్డ. స్పానిష్ డిక్షనరీలో "మదపొలాన్" అని ఉంది, తెల్లటి నూలు గుడ్డ అని. అంటే మా అన్నయ్య ఇరవైసార్లు దిగిన ఆ ఊరి భాషలో, అతను చిన్నప్పటినుంచీ దాటుతున్న రేవు పేరుంది! పంతొమ్మిదేళ్ళుగా ఆ రేవు దాటుతున్నాను, నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. మా ఊళ్ళో నేను కూడా కారు దిగని టూరిస్టునే.

నిజానికి మా క్లాసు అరకు ట్రిప్‌కి వెళ్ళినప్పుడు మేం చేసిందీ అదే. బొంగులో చికెన్ అమ్మే ఆవిడని అడక్కుండా వీడియో తీసింది నేనే. ఆవిడ ఊరి పేరు నాకు తెలీదు. మామ్మ సంగతి అయ్యాక ఆ వీడియో డిలీట్ చేశాను. అప్పటికే నూటనలభై లైకులు వచ్చేశాయి.

ఇది రూమ్‌లో చదివి వినిపిస్తే మా రూమ్మేట్ ఒప్పుకోలేదు. "నీకేం, కడుపు నిండినోడివి. టూరిస్టులు రాకపోతే మీ ఊళ్ళో కుర్రాళ్ళకి పనేది? మళ్ళీ గల్ఫేగా" అన్నాడు. కరెక్టే. కొబ్బరి రేటు పడిన ఏడాది మా వైపు ఎన్ని ఇళ్ళు అప్పులో పడతాయో నాకు తెలుసు. మా పెద్దమ్మ వాళ్ళింటి పై అంతస్తు అన్నయ్య తువ్వాలు ఏనుగుల డబ్బుతోనే లేచింది. "ఓడల్ని మరీ తిట్టకురా" అని అన్నయ్య కూడా అన్నాడు. అందుకే టూరిస్టులు రావద్దు అనట్లేదు. రండి, కానీ పడుకోండి. ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు. రాత్రి ఉన్నవాడు భోజనం చేస్తాడు, ఆటో ఎక్కుతాడు, పొద్దున్నే టీ కొట్టు దగ్గర నిలబడతాడు, దింపు తీసే మనిషితో మాట్లాడతాడు. ఊళ్ళోనే ఓ పది ఇళ్ళు ఒక్కో గది ఇస్తే చాలు, ఆ డబ్బు గుమ్మం దాటి బయటికి పోదు. మన గవర్నమెంటూ, మన పెట్టుబడిదారులూ ఎప్పుడూ మాట్లాడేది బోట్ల గురించే, గదుల గురించి కాదు.

బోట్ల మాటే వస్తే ఇంకోటి. 2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడినుంచి ఇంటికెళ్తున్న పిల్లలున్న నాటు పడవ కడుతున్న వంతెన పిల్లర్‌కి తగిలి తిరగబడింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలు. నేనప్పుడు ఏడో క్లాసు. మా స్కూల్లో అసెంబ్లీలో రెండు నిమిషాలు నిలబడ్డాం. వాళ్ళలో నా వయసువాళ్ళూ ఉన్నారని మా టీచర్ చెప్పింది, ఆ రోజు మా క్లాసులో ఎవరూ టిఫిన్ బాక్సు తియ్యలేదు. ఇప్పటికీ గోదారికి వరదొస్తే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, లంకవాళ్ళు పడవలెక్కుతారు. అదే గోదారి, అదే నీళ్ళు. ఒక పడవలో ఏసీ, లైఫ్ జాకెట్, వెల్కమ్ డ్రింక్. ఇంకో పడవలో స్కూలు బ్యాగులు. మొదటి పడవకి డబ్బు పెట్టేముందు రెండో పడవ సంగతి చూడండి అంటే అది టూరిజానికి అడ్డుపడటం ఎలా అవుతుంది? నాకు అర్థం కాదు. అర్థమైనవాళ్ళు వచ్చే సంచికలో రాయండి, చదువుతాను.

ఈ సంక్రాంతికి మా రూమ్మేట్లు ఇద్దరు మా ఊరు వస్తున్నారు. నాలుగు రోజులు. లిస్టు అడిగారు, ఏమేం "కవర్" చేస్తున్నాం అని. జగ్గన్నతోట ప్రభలు తప్ప లిస్టులో ఇంకేమీ పెట్టలేదు. మిగతాది మామ్మ చూసుకుంటుంది.

మదపొలం సంగతి అన్నయ్యకి మెసేజ్ పెట్టాను. ఓడ ఎక్కడో సముద్రంలో ఉన్నట్టుంది, మూడు రోజులకి బ్లూ టిక్ పడింది. "అవునా! ఈసారి దిగినప్పుడు బట్టల కొట్లో అడుగుతా ఉందేమో" అని పెట్టాడు. ఆ కిందే ఇంకోటి. "మామ్మ దింపు తీయించిందా? అంబాజీపేటలో కాయ రేటెంతుందో కనుక్కుని చెప్పు."