భీమిలి ఒడ్డున ఒక కప్పు కాఫీ

అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చు గోస్తనీ నది భీమునిపట్నము వద్ద సముద్రములో కలియును. 17వ శతాబ్దములో డచ్చివారు వర్తకము సాగించిన రేవు అది. వారి సమాధులు నేటికిని అచట ఉన్నవి. ఈ సారి ఆ పట్నమునకు పనిమీద పోయినపుడు, తీరపు బాటన ఉన్న చిన్న కాఫీ దుకాణములలో ఒకదానిలో కొంచెముసేపు కూర్చొనుడు. పాలు, పంచదార లేని అరకు కాఫీ ఇమ్మని అడుగుడు.

దుకాణదారు గింజలను త్రాసులో తూచి, అప్పటికప్పుడు పొడి చేసి, కాగితపు వడపోతలో వేసి వేడినీరు సన్నధారగా పోయును. ఇది కాఫీయా, కషాయమా అని మీకు నవ్వు రావచ్చును. నవ్వుడు, కాని చల్లారిన పిదప చివరి గుక్క కూడ త్రాగుడు. మన తప్పులన్నియు అందులోనే తేలును.

మన ఇండ్లలోని కాఫీలో పాలు, చికోరీ ఎన్నో లోపములను కప్పిపుచ్చును. ఇచట ఆ చాటు లేదు. పచ్చికాయలు కలిసినచో గడ్డివాసన, వగరు. పండ్లు బస్తాలో రాత్రంతయు మ్రగ్గినచో పులుపు. మట్టినేలపై ఎండబోసినచో మట్టివాసన. ఎంత నేర్పుగా వేపినను ఇవి పోవు. రుచిచూచు నిపుణులు 100కు 80 మార్కులు, ఆపైన ఇచ్చిన గింజలనే ప్రత్యేకశ్రేణి కాఫీ అందురు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును గాని పచ్చికాయను పండు చేయదు.

ఒక చిన్న లెక్క వేయుదము. సుమారు 6 కిలోల పండ్లకు 1 కిలో శుభ్రమైన గింజ వచ్చును. వేపగా అది 850 గ్రాములగును. కప్పుకు 15 గ్రాముల చొప్పున 55 కప్పులు దాటును. కప్పు ధర పలక మీద చూచి, 55తో హెచ్చవేసి, 6 కిలోల పండ్లకు మీ చేతికి వచ్చిన సొమ్ము ప్రక్కన పెట్టుడు. అద్దె, కూలి, వేపుడు, రవాణా, అన్నియు తీసివేసినను వ్యత్యాసము కొంచెము కాదు.

కావున ఎర్రపండ్లనే ఏరుడు, కోసిన నాడే తోలు తీయుడు, తేమ నూటికి 10 వంతులకు దిగువరకు బల్లలపై ఆరబెట్టుడు అని మేము చెప్పుచునే ఉందుము. మీ జవాబు కూడ ఎరుగుదుము: "కొమ్మ దూసినా అదే ధర, ఏరినా అదే ధర అయినపుడు ఎవడు ఏరును?" ఈ మాటలో న్యాయము ఉన్నది. ఒకే చెట్టు వద్దకు మూడు నాలుగు మారులు పోవలెనన్న కూలి ముందుగా రైతే పెట్టుకొనవలెను గదా! ఉపన్యాసములతో ఆ కూలి తీరదు. కొనుగోలుదారు సహకార సంస్థయైనను, వర్తకుడైనను, ఎర్రపండ్లకు హెచ్చు ధరను తూకము వేసిన నాడే చెల్లింపవలెను. అది జరుగనంత కాలము రైతును తప్పుపట్టు అధికారము ఎవరికిని లేదని మా అభిప్రాయము.

గ్రామోద్యోగులు ఇందులో చేయగలిగినది చాల ఉన్నది. కోతలు నవంబరులో మొదలగును. అక్టోబరులోనే కొనువారిని పిలిపించి, ఎర్రపండు ధర ఒకటి, కలగలుపు ధర ఒకటి, రెండును తూకపు చోట పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.